మేకు లేని గది

చీటీ పాట నాకు పడింది ఆషాఢంలో.
కుట్టుమిషను మార్చమన్నాడు మా ఆయన.
కాదు, ఒక్క రాత్రి గోదారి ఒడ్డున పడుకుందామన్నాను.
రావులపాలెం నుంచి దిండి దాకా బండి మీదే వెళ్ళాం,
కుచ్చిళ్ళు ఎగరకుండా మోకాళ్ళ కింద నొక్కుకుని.

గేటు దగ్గర బోర్డు లేదు.
బోర్డు లేకపోవడమే గొప్పట.
రెండుసార్లు దాటిపోయి
రొయ్యల చెరువు కాపలావాణ్ణి అడిగి వెనక్కొచ్చాం.
"ఆ తెల్లగోడ ఉందే, అదేనండి" అన్నాడు,
"లోపలేముందో మాకూ తెలీదండి."

లోపల ఏమీ లేదు.

పద్దెనిమిది వేల అయిదొందలకి, పన్ను వేరే,
ఒక సిమెంటు తిన్నె, తిన్నె మీద పరుపు,
మూల రాతి కుండీలో ఒకే ఒక్క ఎండుపుల్ల.
పుల్లని చూసి సూర్యచంద్రం
"మరి పొయ్యి ఎక్కడే?" అన్నాడు.
నవ్వొచ్చింది గానీ నవ్వలేదు,
ఆ గదిలో నవ్వితే తిరిగి మన మీదే పడుతుంది.

స్విచ్చి కోసం గోడంతా తడిమాం.
చెయ్యి ఊపితే లైటు వెలుగుతుందట.
వెలిగింది. ఎంత ఊపినా ఆరలేదు.
తడిసిన తువ్వాలు ఆరేద్దామంటే
దండెం లేదు, కొక్కెం లేదు, కుర్చీ వీపైనా లేదు.
ఒక్క మేకు!
ముప్పై ఏళ్ళుగా బట్టతో బతికేదాన్ని,
బట్ట వేలాడ్డానికి చోటు లేని ఇల్లు
నేనెక్కడా చూడలేదు.
మా ఆయన తువ్వాలు భుజానేసుకుని
దీపాల వేళ దాకా అలాగే కూర్చున్నాడు,
తీర్థంలో తప్పిపోయినవాడిలా.

కిటికీ నిండా గోదారి.
తెరుద్దామంటే అది కిటికీ కాదట, అద్దమట.
పంటు పోతోంది, మోటారు చప్పుడు లేదు.
వలవాడు నోరంతా తెరిచి ఎవర్నో పిలుస్తున్నాడు, పిలుపు లేదు.
నీచు, బురద, నానిన కొబ్బరిపీచు,
వాసనలన్నీ గుమ్మం బయట చెప్పుల్లా ఆగిపోయాయి.

భోజనం పళ్ళెం బండిచక్రమంత.
నడుమ రెండు వేళ్ళంత చందువా ముక్క,
చుట్టూ ఎవరో గీసిన పచ్చటి గీత.
ముగ్గా, పచ్చడా అని అడిగితే
"పచ్చడేనండి" అన్నాడు కుర్రాడు గొంతు తగ్గించి.
అక్కడ అందరూ గొంతు తగ్గించే మాట్లాడతారు,
ఎవరో పోయిన ఇంట్లోలా.
కొబ్బరిబొండం మూడొందల యాభై.
గోడ అవతలి చెట్టుదే. దింపుతుంటే చూశాం.

రాత్రి పదిన్నరకి తలుపు తట్టాడు ఆ కుర్రాడే.
పేరు నూకరాజు, ఊరు అవతలి లంక.
చొక్కా కింద దాచి తెచ్చాడు
రెండు బారల కొబ్బరితాడు, నాలుగు క్లిప్పులు.
"మేనేజరు గారికి చెప్పకండమ్మా" అంటూ
బాత్రూం గొట్టం నుంచి తలుపు పిడి దాకా కట్టాడు.
కట్టి, గది నడుమ నిలబడి నాలుగువైపులా చూశాడు.
"వరద తీశాక మా ఇల్లూ ఇలాగే ఉంటాదండి.
మంచం, మూకుడు, బియ్యం డబ్బా అన్నీ పోయి
గోడలకి ఒండు పూసేసి, నున్నగా.
ఎక్కణ్ణుంచి మొదలెట్టాలిరా అంటాదండి మా అమ్మ."
ఎక్కువ మాట్లాడాననుకున్నాడేమో
మళ్ళీ గొంతు తగ్గించి
"వేణ్ణీళ్ళు కావాలాండి?" అన్నాడు.

నిద్ర పట్టలేదు, లైటు పోతేగా.
కర్టెన్ అంచు చూస్తే మడత విప్పుకుని ఉంది,
మూడు జానల మేర, దారం వేలాడుతూ.
నా కొట్లో ఇలా ఇస్తే మొహాన కొడతారు.
సంచీలో సూది ఉంది. తెల్లదారం లేదు,
ఎవరి జాకెట్టుకో కొన్న పండుమిరప ఎరుపు.
దాంతోనే కుట్టాను, చిన్న చిన్న కుట్లు,
తాడు మీద తువ్వాలు
చుక్క చుక్కగా ఆ తెల్లనేల మీద కారుతుంటే.

తెల్లారి బిల్లు చేతికిస్తూ
"మీ అనుభవం ఎలా ఉందండీ?" అంది అమ్మాయి.
తువ్వాలు ఆరింది, అన్నాను.
అని నాలిక కరుచుకున్నాను.
తాడు అప్పటికే నా సంచీలో చుట్టగా ఉంది.

రేవు దగ్గర బండి ఆపాం.
గుప్పున కొట్టింది నీచు వాసన.
"ఈ డబ్బుకి మిషను వచ్చేసేది" అన్నాడు.
"సగం" అన్నాను.